రీఫ్ ట్యాంకుకు లైటు: హైదరాబాద్ ఇంట్లో ఏది సరిపోతుంది, ఎలా లెక్క కట్టాలి

ఉప్పునీళ్ల ట్యాంకులో పగడాలు పెంచాలనుకునేవాళ్లు లైటు దగ్గరికి వచ్చేసరికి ముందు వాట్లు అడుగుతారు. "రెండడుగుల ట్యాంకు, ఎన్ని వాట్లు కావాలి?" ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదు. లీటరుకు ఇన్ని వాట్లు అన్న లెక్క ట్యూబ్‌లైట్లే దిక్కైన రోజులది. ఇప్పుడు ఒక 50 వాట్ల ఎల్‌ఈడీ పగడాన్ని తెల్లగా పాలిపోయేలా చేయగలదు, మరో 50 వాట్ల ఎల్‌ఈడీ కింద అదే పగడం తిండి లేక చిక్కిపోతుంది. తెలియాల్సినవి మూడు: ట్యాంకులో ఏ పగడం పెడతారు, అది ఎంత లోతులో ఉంటుంది, మే నెలలో ఆ గది ఎంత వేడెక్కుతుంది. చల్లని దేశాల వాళ్లు రాసిన గైడ్లలో మూడోది పెద్దగా కనిపించదు. హైదరాబాద్‌లో మాత్రం ఏ లైటు కొనాలో చివరికి తేల్చేది అదే.

పగడానికి వెలుతురే తిండి

పగడం ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కణాలు ఉంటాయి. వాటిని జూజాంథెల్లే అంటారు. అవి వెలుతురుతో చక్కెరలు తయారుచేసి, అందులో ఎక్కువ భాగం పగడానికే ఇస్తాయి. లైటు సరిగా లేకపోతే మీరు చుక్కలు చుక్కలుగా వేసే కోరల్ ఫుడ్ ఆ లోటు పూడ్చలేదు.

ఈ కణాలు బాగా వాడుకునేది 420 నుంచి 480 నానోమీటర్ల మధ్య ఉండే ఊదా, నీలి వెలుతురు. సముద్రంలో ఎరుపు పైనున్న కొన్ని మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలం లోతుకు దిగుతుంది. పగడాలు అలవాటుపడింది ఆ నీలానికే. రీఫ్ లైట్లన్నీ నీలంగా ఉండటానికి కారణం ఇదే. మొక్కల కోసం అమ్మే గ్రో లైట్లలో ఎరుపు ఎక్కువ. అది పగడానికి పెద్దగా ఉపయోగపడదు, రాళ్ల మీది నాచుకే కలిసొస్తుంది. చవగ్గా దొరుకుతోందని అది తెచ్చి పెట్టుకోవద్దు.

400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుతురు పగడం ఉన్న చోట ఎంత పడుతోందో చెప్పే కొలత పేరు పార్. చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని మైక్రోమోల్స్ అని లెక్క. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది 2000 దాకా ఉంటుంది. ట్యాంకుకు అంత అక్కర్లేదు. మష్రూమ్ కోరల్స్‌కు 30 నుంచి 80 చాలు. జోవాంతిడ్లు, గ్రీన్ స్టార్ పాలిప్స్, జీనియా, లెదర్ కోరల్స్‌కు 70 నుంచి 150. పాలిప్ అంటే పగడంలో పువ్వులా విప్పుకునే ఒక్కో చిన్న జీవి; హ్యామర్, టార్చ్ లాంటి పెద్ద పాలిప్‌ల గట్టి పగడాలు, అంటే ఎల్‌పీఎస్, 80 నుంచి 150లో బాగుంటాయి. అక్రోపోరా లాంటి చిన్న పాలిప్‌ల ఎస్‌పీఎస్ పగడాలకు 200 నుంచి 350 కావాలి.

ఇక్కడ చట్టం సంగతి కూడా చూసుకోవాలి, ఎందుకంటే లైటు సైజు దాని మీదే ఆధారపడుతుంది. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, సీ ఫ్యాన్‌లు కూడా, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. విదేశాల నుంచి వచ్చే గట్టి పగడాలు, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కిందికి వస్తాయి కాబట్టి వాటికి కాగితాలు ఉండాలి. అమ్మేవాళ్లు దిగుమతి కాగితాలు, బిల్లు చూపించలేకపోతే కొనకండి. ఇంట్లో పెట్టే మొదటి ట్యాంకుకు మష్రూమ్‌లు, జోవాంతిడ్లు, లెదర్లు చాలా అందంగా ఉంటాయి. వాటితో సరిపెట్టుకుంటే అడుగున 50 పార్, రాళ్ల మీద 120 పార్ వచ్చే లైటు చాలు. లైటు ఖర్చు, కరెంటు, వేడి, మూడూ దాదాపు సగానికి తగ్గుతాయి.

డబ్బా మీది అంకెలు

కెల్విన్ అంటే రంగు, పరిమాణం కాదు. 6500కే అంటే పగటి తెలుపు, 10000కే చల్లని తెలుపు, 14000కే నీలం కలిసిన తెలుపు, 20000కే ముదురు నీలం. "20000కే ఉంది సార్, చాలా పవర్‌ఫుల్" అని ఎవరన్నా అంటే, ఆ మాటకు వెలుతురు ఎంత పడుతుందన్న దానితో సంబంధమే లేదు. ల్యూమెన్లు మనిషి కంటికి సంబంధించిన లెక్క. మన కంటికి నీలం మసకగా అనిపిస్తుంది కాబట్టి మంచి రీఫ్ లైటుకు ల్యూమెన్లు తక్కువగా కనిపిస్తాయి.

చూడాల్సింది స్పెక్ట్రమ్ గ్రాఫ్, అంటే ఏ రంగు వెలుతురు ఎంత ఉందో చూపే గీత. 445-455 నానోమీటర్ల దగ్గర రాయల్ బ్లూ ఎత్తుగా లేవాలి, 465-475 దగ్గర నీలం ఉండాలి, 400-420లో కాస్త వయొలెట్ ఉంటే పగడాల మెరుపు బాగా తేలుతుంది. తెలుపు కొద్దిగా ఉంటే చాలు, అది మన కళ్ల కోసం. ఎరుపు, ఆకుపచ్చ డయోడ్లు, అంటే లైటులోని చిన్న ఎల్‌ఈడీ చుక్కలు, ఒకటి రెండు ఉంటే నష్టం లేదు. గ్రాఫ్ ఇవ్వని లైటు ఎంత చవకైనా వదిలేయడమే మంచిది.

వాట్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. నల్ల డబ్బాలా ఉండే చైనా లైట్ల మీద 165 వాట్లు అని రాసి ఉంటుంది. 3 వాట్ల డయోడ్లు 55 ఉన్నాయి కాబట్టి ఆ గుణకారం చేశారంతే. డయోడ్లను పూర్తి కరెంటుతో నడపరు కాబట్టి ప్లగ్ దగ్గర వాట్ మీటరు పెట్టి చూస్తే చాలాసార్లు 110-120 దగ్గరే ఆగుతుంది. ఇది లోపం కాదు, తక్కువ కరెంటుతో నడిస్తే డయోడ్ చల్లగా ఉండి ఎక్కువ కాలం వస్తుంది. కాకపోతే రెండు లైట్లను పోల్చేటప్పుడు డబ్బా మీది వాట్లతో పోల్చకండి.

ఏ రకం లైటు

ఇంట్లో వాడే 9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బు పనికిరాదని అందరూ అంటారు. నిజం కాస్త వేరు. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలి డయోడే, పైన పసుపు పూత ఉంటుంది. అందువల్ల 6500కే బల్బులో 450 దగ్గర కొంత నీలం ఉంటుంది. ఒక అడుగు లోపు లోతున్న చిన్న ట్యాంకులో రిఫ్లెక్టర్‌తో దగ్గరగా పెడితే మష్రూమ్‌లు బతుకుతాయి. కానీ రంగులన్నీ గోధుమలోకి దిగిపోతాయి, ఆ ఫ్లోరసెంట్ మెరుపు కనిపించదు. పసుపుగా వెలిగే 3000కే బల్బు ఎలాగూ వద్దు.

ఒకడుగు ఘనపు నానో ట్యాంకుకు, అంటే సుమారు 27 లీటర్లకు, పార్38 రకం రీఫ్ బల్బు మంచి ఎంపిక. ఆ పేరులో పార్ అంటే రిఫ్లెక్టర్ ఆకారం, 38 అంటే అంగుళంలో ఎనిమిదో వంతుల్లో వ్యాసం. పైన చెప్పిన పార్ కొలతతో దీనికి పొత్తు లేదు. ఇవి మరతో బిగించే ఈ27 బల్బులు. మన ఇళ్లలో ఉండేవి రెండు పిన్నుల బీ22 హోల్డర్లు. మధ్యలో అడాప్టర్ పెట్టి వేలాడదీస్తే వేడిని బయటికి పంపే అల్యూమినియం హీట్ సింక్ బరువుకు పిన్నుల దగ్గర వదులై స్పార్క్ వస్తుంది, నీళ్ల పైన అది ప్రమాదం. కోఠి ట్రూప్ బజార్‌లో ఈ27 పింగాణీ హోల్డర్ దొరుకుతుంది. దాన్నే గట్టి స్టాండుకు బిగించండి. బల్బును నీటి మట్టానికి 20 సెంటీమీటర్ల పైన పెట్టి మొదలుపెట్టండి.

టీ5 ట్యూబులు, అంటే సన్నని ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైట్లు, వెలుతురును సమానంగా పరుస్తాయి, నీడలు పడవు. లెదర్ కోరల్స్ ఉన్న నాలుగడుగుల ట్యాంకుకు ఇవి ఇప్పటికీ అందంగా ఉంటాయి. కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. రీఫ్‌కు కావాల్సింది హెచ్‌ఓ, అంటే హై ఔట్‌పుట్ రకం: 24 వాట్లు, 39 వాట్లు, 54 వాట్లు. మామూలు టీ5 ట్యూబులు 14, 21, 28 వాట్లవి. 54 వాట్ల హెచ్‌ఓ ట్యూబు, 28 వాట్ల మామూలు ట్యూబు రెండూ 1149 మిల్లీమీటర్లే. పిన్నులు కూడా ఒకటే, అందులో ఇదీ పడుతుంది. పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలియదు, చివర ముద్రించిన సన్నటి అక్షరాలు చదివితేనే తెలుస్తుంది. 28 వాట్ల ట్యూబును 54 వాట్ల చోక్ మీద నడిపితే చివర్లు నల్లబడి త్వరగా పోతుంది. ఇప్పుడు టీ5 పేరుతో అమ్మే ఎల్‌ఈడీ పట్టీలు వేరే వస్తువు, వాటితో కలపకండి. పైగా రీఫ్ టీ5 ట్యూబులు 10-12 నెలలకోసారి మార్చాలి. అవి వెలుగుతూనే ఉంటాయి, కానీ లోపలి ఫాస్ఫర్ పూత అరిగి వెలుతురు తగ్గుతుంది. ఏడాది తర్వాత అదే ట్యూబు మీకు దొరుకుతుందా అన్నది ముందే చూసుకోండి.

మెటల్ హాలైడ్ గురించి ఒక్క మాట: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు హైదరాబాద్‌లో వద్దు. నీటి మీద అలల వెలుగు తళతళలాడుతూ అద్భుతంగా ఉంటుంది, కానీ 250 వాట్ల బల్బు వేడంతా కిందికే కొడుతుంది. దాన్ని చల్లార్చడానికి చిల్లర్‌కు, అంటే నీళ్లు చల్లబరిచే యంత్రానికి, ఇంకో బిల్లు కట్టాలి.

మిగిలింది రీఫ్ ఎల్‌ఈడీ, ఎక్కువమందికి అదే సరైనది. వేడి పైనున్న హీట్ సింక్ ద్వారా గదిలోకి పోతుంది, నీళ్లలోకి తక్కువ. నీలం, తెలుపు విడివిడిగా తగ్గించుకునే సౌకర్యం తప్పనిసరిగా ఉండాలి.

ట్యాంకును కొలిచి లెక్క కట్టడం

టేపు తీసుకుని ట్యాంకు పొడవు, వెడల్పు, నీటి మట్టం నుంచి ఇసుక దాకా లోతు కొలవండి. గాజు ఎత్తు కాదు. 45 సెంటీమీటర్ల ఎత్తు ట్యాంకులో పైన 3, కింద ఇసుక 4 పోతే అసలు లోతు 38.

తర్వాత లెన్స్ కోణం, అంటే ఎల్‌ఈడీ మీది లెన్స్ వెలుతురును ఎంత వెడల్పుగా పరుస్తుందన్నది. 90 డిగ్రీల లెన్స్ నుంచి పడే వెలుతురు వలయం వ్యాసం, లైటు ఎత్తుకు రెట్టింపు. నీటికి 25 సెంటీమీటర్ల పైన ఉంటే నీటి మట్టం మీద 50 సెంటీమీటర్ల వలయం పడుతుంది. 120 డిగ్రీలైతే అదే ఎత్తులో 87 సెంటీమీటర్లు, అంటే 60 సెంటీమీటర్ల ట్యాంకు దాటి గోడ మీద, సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లలో పడుతుంది. రెండడుగుల ట్యాంకుకు 90 డిగ్రీలు, 25-30 సెంటీమీటర్ల ఎత్తు చక్కగా కుదురుతాయి.

సాఫ్ట్ కోరల్స్‌కు, అంటే మష్రూమ్‌లు, జోవాంతిడ్లు, లెదర్ల లాంటి మెత్తటి పగడాలకు, ఈ లెక్కలు పనికొస్తాయి. రెండడుగులు పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న 120 లీటర్ల ట్యాంకుకు 50-60 వాట్ల రీఫ్ ఎల్‌ఈడీ ఒకటి చాలు. మూడడుగులకు అలాంటివి రెండు. నాలుగడుగులకు మూడు, లేదా పైన చెప్పిన నల్ల డబ్బాలు రెండు సగం కంటే తక్కువ వెలుతురుతో. మూడడుగుల ట్యాంకుకు ఒకే పెద్ద లైటు మధ్యలో పెట్టడం అస్సలు మంచిది కాదు: నట్టనడుమ పగడం పాలిపోతుంది, మూలల్లోవి వెలుతురు కోసం సాగిపోతాయి, ఏ సెట్టింగ్ పెట్టినా రెండింట్లో ఒకదానికి నష్టమే.

అవకాశం ఉంటే పార్ మీటరు సంపాదించండి. ఎపోజీ ఎంక్యూ-510 నీటి లోపల కొలవడానికి తయారైనదే. కొనాలంటే ఖరీదైనది, నగరంలో రీఫ్ పెంచే నలుగురు కలిసి ఒకటి కొని వాడుకోవచ్చు. అది లేనప్పుడు లక్స్ మీటరుతో పగటి తెలుపు లైటుకైతే లక్స్‌ను 54తో భాగిస్తే పార్ ఉజ్జాయింపుగా వస్తుంది. నీలి ఎల్‌ఈడీకి ఈ భాగహారం చెల్లదు, అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. అది నమ్మి లైటు పెంచితే పగడాలు పోతాయి.

బిగించడం

స్లాబ్ నుంచి వేలాడదీస్తే యాంకర్ బోల్టు స్లాబ్‌లోకే దిగాలి. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డు బరువు మోయదు, దానికి కన్నం చేసి తీగను పైనున్న కాంక్రీటు దాకా తీసుకెళ్లండి. కరెంటు తీగ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా వదలాలి, తీగ వెంట జారే ఉప్పు నీటి బొట్టు ఆ వంపులో కింద పడిపోతుంది, సాకెట్లోకి పోదు. ట్యాంకుకు వెళ్లే లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా నీళ్లలో చెయ్యి పెట్టొద్దు. లైటుకు, ట్యాంకుకు మధ్య గాజు మూత తీసేయండి. దాని మీద ఉప్పు పేరుకుని వెలుతురు తగ్గుతుంది, ఆవిరి ఆగి నీళ్లు వేడెక్కుతాయి. చేపలు దూకకుండా సన్నని నెట్ పెట్టండి.

ట్యాంకు పడమటి కిటికీ దగ్గర వద్దు. మధ్యాహ్నపు ఎండ ఏ లైటు లెక్కనైనా తారుమారు చేస్తుంది.

మొదటి ఆరు వారాలు

కొత్త లైటు వచ్చిన రోజే పూర్తిగా పెట్టడం వల్ల పోయినన్ని పగడాలు తక్కువ వెలుతురు వల్ల పోవు. నీలం 30 శాతం, తెలుపు 5-10 శాతంతో మొదలుపెట్టండి. పగడాలను ఇసుక మీదే ఉంచండి. మొత్తం 8 గంటలు, అందులో మొదటి గంట మెల్లగా పెరగాలి, చివరి గంట మెల్లగా తగ్గాలి. వారానికి 5 శాతం కంటే ఎక్కువ పెంచొద్దు. రెండు వారాల తర్వాత రాళ్ల మీదికి ఒక్కో మెట్టు ఎక్కించండి. సాఫ్ట్ కోరల్ ట్యాంకులు చాలావరకు నీలం 40-50, తెలుపు 10-15 దగ్గర కుదురుకుంటాయి. బాగున్నప్పుడు అక్కడే ఆపేయండి. సెట్టింగ్ రోజూ మార్చడం పగడానికి పెద్ద హింస.

పగడం ఏం చెబుతోందో దగ్గరగా చూడండి. జోవాంతిడ్ల కాడలు పొడవుగా సాగి, తలలు లైటు వైపు వాలితే వెలుతురు చాలట్లేదు. కాడలు కురచగా, రాయికి అంటుకున్నట్టు ఉండి పువ్వులు సగమే విప్పితే ఎక్కువైంది. మష్రూమ్ అంచులు పైకి ముడుచుకుని చిన్న గిన్నెలా తయారైతే నీడలోకి జరపండి. రంగు పాలిపోయి లోపలి తెలుపు కనిపిస్తే ఆ రోజే 10-15 శాతం తగ్గించండి, వారం ఆగొద్దు. గోధుమ రంగుకు తిరగడం మాత్రం లైటు తక్కువ వల్లే అనుకోకండి, నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైనా అలాగే అవుతుంది. ముందు టెస్ట్ కిట్‌తో చూసి ఆ తర్వాత లైటు జోలికి వెళ్లండి. జోవాంతిడ్లను జరిపేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది.

ఎండాకాలం

రీఫ్ నీళ్లు 24-26 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి నిలబడితే పగడం తనలోని నాచు కణాలను బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది, పై అంతస్తు ఫ్లాట్లలో రాత్రి కూడా స్లాబ్ వేడి దిగుతూనే ఉంటుంది.

లైటు వేడి ఎంతో లెక్కేసి చూడండి. 100 వాట్లు 8 గంటలు వెలిగితే 2880 కిలోజౌళ్లు. అదంతా 120 లీటర్ల నీళ్లలోకే పోతే దాదాపు 6 డిగ్రీలు పెరుగుతుంది. ఎల్‌ఈడీలో అందులో కొంత భాగమే నీళ్లకు చేరుతుంది, మిగతాది గదిలో తిరుగుతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడి తీసుకుపోతుంది, అంటే ఆ లైటు రోజంతా ఇచ్చిన వేడిలో ఎక్కువ భాగం. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో దొరికే 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు నీటి మట్టం మీదుగా వీచేలా పెడితే ఎండాకాలపు పొడిగాలిలో 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. జూలై, ఆగస్టుల్లో గాలిలో తేమ వల్ల ఫ్యాను అంత పనిచేయదు, అప్పటికి గది కూడా చల్లబడి ఉంటుంది. ఆవిరైన నీటికి బదులు పోయాల్సింది ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లు. ఉప్పునీళ్లు పోస్తే సాంద్రత రోజురోజుకీ పెరిగిపోతుంది. ఏసీ లేని గదిలో ఇది చాలకపోతే చిల్లర్ తప్పదు, ఆ ఖర్చు లైటు కొనకముందే బడ్జెట్‌లో వేసుకోండి.

ఏ ఖర్చూ లేని ఉపాయం ఒకటుంది: లైటు వేళలు మార్చడం. మధ్యాహ్నం 12 నుంచి కాకుండా సాయంత్రం 4 నుంచి అర్ధరాత్రి దాకా వెలిగించండి. గది వేడి, లైటు వేడి ఒకేసారి మీద పడవు, ఆఫీసు నుంచి వచ్చాక ట్యాంకు చూసుకునే వీలూ ఉంటుంది. పగడానికి కావాల్సింది రోజూ ఒకే వేళ, అది ఏ వేళైనా ఫరవాలేదు.

కరెంటు

100 వాట్ల లైటు రోజుకు 8 గంటలు వెలిగితే నెలకు 24 యూనిట్లు. 250 వాట్ల మెటల్ హాలైడ్ చోక్‌తో కలిపి 280 అనుకుంటే 67 యూనిట్లు, చిల్లర్ కాకుండా. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇళ్లలో ఈ తేడా మొత్తం బిల్లునే మార్చేస్తుంది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద లైటు నడపొద్దు. వెలుతురు లేకుండా పగడం రెండు మూడు రోజులు ఇబ్బంది లేకుండా ఉంటుంది, నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ పడిపోతుంది. బ్యాటరీ అంతా నీళ్లు కదిపే వేవ్‌మేకర్‌కు, ఎయిర్ పంపుకు ఇవ్వండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు ఎల్‌ఈడీ డ్రైవర్లను, అంటే లైటుకు సరిపడా కరెంటు అందించే పెట్టెలను, పాడుచేసే అవకాశం కూడా ఉంది. వానాకాలంలో కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగబాకుతుంది, సర్జ్ ప్రొటెక్టర్ లేకపోతే ముందు పోయేది డ్రైవరే. కోఠి గుజరాతీ గల్లీలో విడి డ్రైవర్లు దొరుకుతాయి, పాతదాని మీద రాసిన వోల్టులు, మిల్లీఆంపియర్లు చూసి అదే రేటింగ్‌ది తెచ్చుకోవాలి.

ఆ తర్వాత

వారానికోసారి లైటు ఆపి, చల్లారాక, ఆర్‌ఓ నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో లెన్స్ తుడవండి. ఉప్పు తెల్లటి పొరలా కడుతుంది, నెల రోజులు వదిలేస్తే వెలుతురు తగ్గడం కంటికే తెలుస్తుంది. రెండు మూడు నెలలు తుడవని లెన్స్‌ను ఒక్కసారిగా శుభ్రం చేస్తే లైటు సెట్టింగ్ కూడా పది శాతం తగ్గించాలి, లేకపోతే పగడాలకు అది కొత్త లైటు పెట్టినట్టే. హీట్ సింక్ ఫ్యాన్‌లో దుమ్మును మెత్తటి బ్రష్‌తో తీయండి. టీ5 వాడుతుంటే ట్యూబులన్నీ ఒకే రోజు మార్చొద్దు, వారానికి ఒకటి చొప్పున మార్చి ఆ తేదీని ట్యూబు చివర మార్కర్‌తో రాయండి. పాత ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, పగలగొట్టకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.